మోకాళ్ళ గుజ్జు పెంచే ఆకుమందు ఉందా అని అడిగిన రాజోలు బాబుకి

బాబూ, మీ ప్రశ్న నిన్న రాత్రే చూశాను, ఫోన్లో తెలుగు టైపు చెయ్యడం నాకు కొంచెం నిదానం, అందుకే ఇవ్వాళ పొద్దున్నే కాఫీ తాగేసి తీరిగ్గా కూర్చున్నా. మీరు రాసింది నాకు అర్థమైనంతవరకూ ఇదీ సంగతి. అమ్మగారికి 58 ఏళ్ళు, రాజోలు దగ్గర పల్లెటూరు, బరువు 74 కిలోలు, బీపీకి మాత్ర వేసుకుంటారు, కుడి మోకాలు బాగా నొప్పి ఎడమది కొంచెం, ఎక్స్‌రే తీసి గ్రేడ్ 2 అరుగుదల, గుజ్జు తగ్గింది అన్నారు. ఆవిడేమో యూట్యూబ్ చూసి నల్లేరు, బెండకాయ నీళ్ళు, తుమ్మకాయల పొడి, పసుపు క్యాప్సూల్సు, శల్లకి అని రోజుకోటి చెప్తున్నారు, వీటిలో ఏది వాడితే గుజ్జు మళ్ళీ వస్తుంది, నొప్పి బిళ్ళలు మానేయొచ్చా అని మీరు అడుగుతున్నారు.

ముందు నా సంగతి చెప్తా, ఎందుకంటే చెప్పేవాడెవడో తెలీకుండా మందు వాడకూడదు. నేను చదివింది ఆయుర్వేదమే. పాలకొల్లు అవతల చిన్న క్లినిక్కు, 31 ఏళ్ళయింది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో మోకాళ్ళ బాపతే ఎక్కువ, ఊడ్పులు అయిన పది రోజులకి ఒక బ్యాచ్చి వస్తుంది, రొయ్యల షెడ్డుల్లో తెల్లారగట్ల నుంచీ నిలబడి తలకాయలు తీసే ఆడవాళ్ళు ఏడాది పొడుగునా వస్తారు, కొబ్బరి దింపు మానేసిన పెద్దాయనలు వస్తారు. మూలికల మీద నాకు కోపం ఏమీ లేదండి, వాటి మీదే నా ఇల్లు గడిచింది, పిల్లల చదువులయ్యాయి. అందుకే ఈ మాట నేను చెప్తేనే బాగుంటుంది అనుకుంటున్నా: అరిగిన గుజ్జుని మనుషుల్లో మళ్ళీ పెంచిందని రుజువైన ఆకు గానీ వేరు గానీ బంక గానీ ఇప్పటిదాకా ఒక్కటి కూడా లేదు. నొప్పి, వాపు తగ్గించేవి మాత్రం రెండు మూడు ఉన్నాయి, అవి నిజంగానే పనిచేస్తాయి. ఈ రెండు విషయాలూ వేరు వేరు, యూట్యూబ్ వాళ్ళు రెండిట్నీ కలిపేసి అమ్ముతున్నారు అంతే.

అసలు ఈ గుజ్జు అనే మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. గుజ్జు అనగానే మామిడిపండు గుజ్జులాగా మెత్తగా ఏదో మోకాల్లో నింపి ఉంటుంది, అది ఎండిపోయింది, మళ్ళీ ఏదన్నా పోస్తే నిండుతుంది అనుకుంటారు. అది కాదు. మీది కోనసీమే కదా, మీకు సులువుగా అర్థమవుతుంది, బోండాం నీళ్ళు తాగేశాక చిప్ప రెండుగా చీల్చి ఇస్తాడే, లోపల చిప్పకి అంటుకుని తెల్లగా నున్నగా మెరుస్తా ఒక పొర ఉంటుంది చూడండి, వేలు పెడితే జారిపోతుంది. తొడ ఎముక చివర, కాలి ఎముక పైన, మోకాలి చిప్ప వెనకాల అలాంటి పొరే ఉంటుంది, కాకపోతే దానికంటే గట్టిది, రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పుస్తకాల్లో మృదులాస్థి అంటారు. దీంట్లో మూడొంతులకి దగ్గరగా నీళ్ళే. రక్తనాళాలు లేవు, నరాలు లేవు. దీని చుట్టూ ఉండే జిగురునీళ్ళు వేరే, మన జనం ఆ నీళ్ళనీ గుజ్జే అంటారు ఈ పొరనీ గుజ్జే అంటారు, అక్కడ వస్తుంది గందరగోళం అంతా.

రక్తనాళాలు లేకపోతే మరి తిండెలాగ అందుతుంది అంటారా, నడిచినప్పుడు బరువు పడి పొర నొక్కుకుంటుంది, పాత నీళ్ళు బయటికి పోతాయి, కాలు ఎత్తినప్పుడు కొత్త నీళ్ళు లోపలికి పీల్చుకుంటుంది, గిన్నెలు తోమే స్పాంజిని పిండి వదిలినట్టు. అంటే మోకాలు కదిలితేనే దానికి అన్నం. నొప్పి అని మంచం ఎక్కి కూర్చుంటే పాపం దానికి పస్తే. ఇంకోటి, నరాలు లేవన్నాను కదా, కాబట్టి నొప్పి ఆ పొరలోంచి రాదు, దాని కిందున్న ఎముక లోంచి, చుట్టూ ఉన్న సంచి వాచి, కండలు బిగిసి వస్తుంది. అందుకే ఎక్స్‌రేలో గ్రేడ్ 4 ఉన్నా గుడిమెట్లు ఎక్కేవాళ్ళని చూశా, గ్రేడ్ 1కే ఏడ్చేవాళ్ళని చూశా. ఈ గ్రేడులు 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అని ఇద్దరు డాక్టర్లు పెట్టిన లెక్క, సున్నా నుంచి 4 దాకా. ఎక్స్‌రేలో గుజ్జు అసలు కనపడదు, రెండెముకల మధ్య సందు, పక్కన పెరిగిన ఎముక ముళ్ళు చూసి చెప్తారు. గ్రేడ్ 2 అంటే కంగారు పడాల్సింది కాదు, కానీ అశ్రద్ధ చెయ్యాల్సింది కూడా కాదు.

ఇప్పుడు మీ లిస్టు. బెండకాయ నీళ్ళు ముందు పక్కన పెట్టేద్దాం. రాత్రి చీల్చి గ్లాసులో వేస్తే పొద్దునకి జిగురు దిగుతుంది, జిగురు తాగితే మోకాల్లో జిగురు ఊరుతుంది అనే లెక్క అది. కడుపులోకెళ్ళాక ఆ జిగురు ఒక రకం పీచు, పేగుల్లో దాని పని అది చేసుకుని పోతుంది, మోకాలికి దానికి దారే లేదు. తుమ్మబంక లడ్డూ, తుమ్మకాయ పొడి, మేక కాళ్ళ సూపు, అన్నీ ఆ బాపతే. కాళ్ళ సూపు తాగితే కాళ్ళకి బలం అంటే, మరి తలకాయ కూర తిన్నోళ్ళందరికీ తెలివి రావాలి కదా. రుచికి తాగండి, ఆదివారం పూట ఎవరొద్దన్నారు.

నల్లేరు దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే అది నాకు ఇష్టమైన మొక్క. నలుపలకల కాడ, కణుపు కణుపుకీ తీగ, కంచెల మీద పాకేస్తా ఉంటుంది. సంస్కృతంలో అస్థిసంహార అంటారు, విరిగిన ఎముకని అతికించేది అని. ఎముక వేరు, ఈ పొర వేరు, ఎముకకి రక్తం అందుతుంది కాబట్టి ఎలాగూ అతుక్కుంటుంది, అది చూసి గుజ్జు కూడా అలాగే అతుక్కుంటుంది అనుకోవడం తప్పు. కీళ్ళ నొప్పి మీద 2013లో ఒక పరీక్ష చేశారు, వ్యాయామం బాగా చేసే 29 మంది మగవాళ్ళకి రోజుకి 3200 మిల్లీగ్రాముల నల్లేరు సారం 8 వారాలు ఇచ్చారు, నొప్పి తగ్గిందన్నారు, కానీ పోల్చడానికి ఉత్తుత్తి మందు తీసుకున్న గుంపు లేదు, పైగా వాళ్ళు అరుగుదల ఉన్న అమ్మమ్మలు కాదు. నల్లేరు మీద బండి నడకలాగా అందరూ తేలిగ్గా చెప్పేస్తారు గానీ ఆధారం అంతే ఉంది.

పచ్చడి మాత్రం చేసుకోండి. మా ఇంట్లో చేసే పద్ధతి చెప్తా. పైన ఉన్న లేత కణుపులు మాత్రమే తుంపాలి, ముదురువి నారే. చేతులకి నూనె రాసుకోకుండా ముట్టుకున్నారో సాయంత్రం దాకా గోక్కోవడమే. నాలుగు అంచులూ ఈనె తీసినట్టు తీసేసి, కణుపు దగ్గర కోసి పారేసి, మధ్య ముక్కల్ని నూనెలో బాగా మగ్గేదాకా వేయించాలి, ఏమాత్రం పచ్చిగా ఉన్నా నాలుక దురద. మినప్పప్పు, నువ్వులు, ఎండుమిర్చి వేరే వేయించి చింతపండు కాస్త ఎక్కువే వేసి నూరాలి. ఆ దురద కాల్షియం ఆక్సలేట్ ముళ్ళ వల్ల, చింతపండు పులుపు దాన్ని కొంచెం అణుస్తుంది. కిడ్నీలో రాళ్ళు వచ్చిన చరిత్ర ఉంటే మాత్రం ఈ పచ్చడి జోలికి వెళ్ళొద్దు. వారానికోసారి వేడన్నంలో నెయ్యి వేసుకుని తింటే మంచి తిండి, మందు అనుకోవద్దు.

ఇక అసలు సరుకు శల్లకి. అందుగు చెట్టు బంక అది, బోస్వెలియా సెరాటా అని డబ్బా మీద ఉంటుంది, మన వైపు కొందరు పరంగి సాంబ్రాణి అంటారు. దీంట్లో ఉండే బోస్వెలిక్ ఆమ్లాలు, ముఖ్యంగా ఏకేబీఏ అనేది, వాపు పుట్టించే 5-లైపాక్సిజనేజ్ అనే ఎంజైముని అడ్డుకుంటుంది, మామూలు నొప్పి బిళ్ళలు వేరే దారిని మూసేస్తే ఇది ఇంకో దారిని మూస్తుంది అన్నమాట. 2003లో నాగపూర్‌లో 30 మంది మీద చూశారు, 333 మిల్లీగ్రాములు రోజుకి మూడు సార్లు, 8 వారాలు, నొప్పీ వాపూ తగ్గి మోకాలు ఎక్కువ వంగింది. తర్వాతది మన పక్క ఊళ్ళోనే జరిగింది, ఏలూరు ఆశ్రమ్ మెడికల్ కాలేజీ ఆర్థో ఓపీకి వచ్చిన 75 మందిని మూడు గుంపులు చేసి 90 రోజులు ఒకళ్ళకి 100 మిల్లీగ్రాములు, ఒకళ్ళకి 250, ఒకళ్ళకి ఉత్తుత్తి క్యాప్సూలు ఇచ్చారు, 2008లో అచ్చయింది. మందు తిన్న రెండు గుంపులకీ నొప్పి బాగా తగ్గింది, ఎక్కువ మోతాదు వాళ్ళకి వారంలోనే తేడా తెలిసింది. ఇంకా మోకాల్లో నీళ్ళు తీసి చూస్తే గుజ్జుని కొరికే ఎంఎంపీ-3 అనే ఎంజైము తగ్గింది. ఈ ఒక్క ముక్క పట్టుకునే అందరూ గుజ్జుని కాపాడుతుంది అని రాసేస్తున్నారు. ఎంజైము తగ్గడం మంచి కబురే కానీ, 90 రోజుల్లో ఆ పొర మందం ఏమైందో అది చెప్పదు. ఆ మందు తయారుచేసిన విజయవాడ కంపెనీ వాళ్ళే ఆ రీసెర్చిలోనూ ఉన్నారు, అది కూడా మనసులో పెట్టుకోవాలి. ఆ తర్వాత 2014లో, వైద్య పరీక్షలన్నీ పోగేసి బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ వాళ్ళు అరుగుదల మూలికల మీద వచ్చిన 49 పరీక్షల్ని ఒకచోట పెట్టి చూశారు, ఈ శల్లకి సారం 100 మిల్లీగ్రాములు 90 రోజులు వాడినవాళ్ళకి నూటికి నొప్పి 23 దగ్గరుంది, ఉత్తుత్తి మందు వాళ్ళకి 40 దగ్గరుంది అని తేల్చారు. అంటే 17 మార్కులు. మెట్లెక్కడానికి సరిపడే తేడాయే అది, నేను రోజూ చూస్తున్నదీ దాదాపు అదే.

నేను కూడా రాస్తున్నాను శల్లకి. కానీ మూడు నెలలు అని తేదీ రాసి ఇస్తాను, మూడు నెలల్లో తేడా లేకపోతే ఆపేయమంటాను. కొందరికి కడుపులో మంట, విరేచనం పట్టుకుంటుంది, అన్నం తిన్నాక వేసుకుంటే తగ్గుతుంది.

పసుపు గురించి మీ అమ్మగారికి ఒక లెక్క చెప్పండి. పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు వంతులే సుమారు. పరీక్షల్లో ఇచ్చేది సారం, రోజుకి ఒక గ్రాము, గ్రాముంబావు. అంత కర్క్యుమిన్ పసుపుపాల్లోంచి రావాలంటే రోజుకి ముప్పై గ్రాముల పైన పసుపు తాగాలి, అది తాగగలిగే మనిషి నాకింకా తగల్లేదు. పైగా ఒంటికి పట్టేది తక్కువ, మిరియంలోని పైపెరిన్ కలిపితే ఇరవై రెట్లు పడుతుందని 1998లో బెంగళూరు వాళ్ళు చూపించారు, అందుకే ఇప్పుడు చాలా క్యాప్సూల్సులో మిరియం సారం కలిపేస్తున్నారు. పనిచేస్తుందా అంటే చేస్తుంది. 2014లో థాయిలాండ్‌లో 367 మందిలో సగం మందికి రోజుకి 1500 మిల్లీగ్రాముల పసుపు సారం, సగం మందికి 1200 మిల్లీగ్రాముల ఇబూప్రొఫెన్ అనే నొప్పి బిళ్ళ నాలుగు వారాలు ఇస్తే ఇద్దరికీ నొప్పి ఒకేలాగా తగ్గింది, పసుపు వాళ్ళకి కడుపు బాధలు తక్కువ. కానీ మీ ప్రశ్నకి అచ్చంగా జవాబు చెప్పేది 2020లో ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో చేసింది, 70 మంది, 12 వారాలు, ఎంఆర్ఐ కూడా తీశారు. నొప్పి తగ్గింది. ఎంఆర్ఐలో మాత్రం మోకాలి వాపు గానీ గుజ్జు తీరు గానీ ఏమీ మారలేదు.

పైపెరిన్ కలిపిన గట్టి పసుపు క్యాప్సూల్సుతో లివరు దెబ్బతిన్న కేసులు ఇటలీలో 2019లో బయటపడ్డాయి, తర్వాత అమెరికాలోనూ వచ్చాయి, 2023లో ఆస్ట్రేలియా ప్రభుత్వం హెచ్చరిక ఇచ్చింది. కూరలో పసుపుకి ఏమీ కాదు, భయపడి మానేయకండి. క్యాప్సూలు వాడుతుండగా కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఆకలి చచ్చిపోయినా వెంటనే ఆపి లివరు టెస్టు చేయించాలి. తిప్పతీగ కూడా అంతే, కరోనా టైములో కషాయాలు కాచుకు తాగి లివరు పాడైన వాళ్ళని ముంబై డాక్టర్లు 2021లో రిపోర్టు చేశారు. ఇది మా ఆయుర్వేదం వాళ్ళలో చాలామందికి నచ్చదు, నేను చెప్తే ఒక సీనియరు నాతో ఏడాది మాట్లాడలేదు. కానీ మన దేశంలోనే మన పద్ధతిలోనే చేసిన పెద్ద పరీక్షలో కూడా లివరు తేడా కనపడింది కదా. పుణె వాళ్ళు 440 మందితో 24 వారాలు చేశారు, 2013లో అచ్చయింది, శొంఠి, తిప్పతీగ, ఉసిరి, శల్లకి ఇలా కలిపిన మందులు ఒక పక్క, సెలికాక్సిబ్ అనే నొప్పి బిళ్ళ, గుజ్జుకి మంచిదని అమ్మే గ్లూకోసమీన్ ఇంకో పక్క. నొప్పి తగ్గించడంలో మన మందులు వాటితో సమానంగా నిలబడ్డాయి, చదివినప్పుడు నాకు ఛాతీ ఉప్పొంగింది. అదే కాగితంలో మన మందు తిన్న కొందరికి ఎస్‌జీపీటీ, అంటే లివరు టెస్టులో చూసే అంకె, పెరిగింది, మందు ఆపితే మామూలైంది అని కూడా ఉంది. రెండూ చెప్పాలి కదండీ.

గ్లూకోసమీన్ అన్నాను కాబట్టి ఒక మాట. మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు రాస్తారు మీకు. చాలా బ్రాండ్లలో అది రొయ్య పెంకు, పీత పెంకు లోంచి తీసేదే, మన భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పెంచే సరుకు పెంకే అనుకోండి. అమెరికా ప్రభుత్వం 1583 మంది మీద ఆర్నెల్లు పరీక్ష చేసి 2006లో ఫలితం ఇచ్చింది, మొత్తం మీద ఉత్తుత్తి బిళ్ళ కంటే గొప్ప తేడా ఏమీ లేదు. రొయ్యలు పడనివాళ్ళు అసలు వేసుకోకూడదు. డబ్బులు ఉంటే అవే రొయ్యలు కొనుక్కుని కూర వండుకోవచ్చు.

పైపూతలు, కాపడాలు నాకు నచ్చుతాయి, ఎందుకంటే చెడు తక్కువ. వావిలాకు మీ ఊళ్ళో కాలవ గట్టున దొరుకుతుంది, ఐదు ఆకులు చెయ్యి చాపినట్టుంటాయి, వెనక బూడిద రంగు, నలిపితే ఘాటు వాసన, బాలింతలకి నీళ్ళు కాచేది, గాదెలో ధాన్యానికి పురుగు పట్టకుండా వేసేది అదే. రెండు గుప్పిళ్ళు డేగిసాలో మరగనిచ్చి, పాత తువ్వాలు ముంచి గట్టిగా పిండి, ముంజేతికి ఆనించి చూసుకుని మోకాలి మీద పది నిమిషాలు వెయ్యాలి, చల్లారితే మళ్ళీ ముంచాలి. షుగరు ఉండి కాళ్ళు తిమ్మిరెక్కేవాళ్ళకి మాత్రం వేడి తెలీదు, కాలిపోతారు, ఇంకోళ్ళు చూసి పెట్టాలి. మహానారాయణ తైలం గోరువెచ్చగా చేసి రాయండి, మంచిది. అది గుజ్జు దాకా ఇంకిపోతుంది అని నేను చెప్పను, ఆ వేడికీ, రుద్దే చేతికీ కండలు వదులవుతాయి, ఇంట్లో ఒకళ్ళు పది నిమిషాలు పక్కన కూర్చుని కాలు పడితే సగం నొప్పి అక్కడే పోతుంది. మీరు సెలవుకి వెళ్ళినప్పుడు ఆ పని మీరే చెయ్యండి.

చెయ్యకూడనివి జిల్లేడు, నల్లజీడి. జిల్లేడాకు వేడిచేసి కట్టుకునేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు, ఆ పాలు కొందరికి చర్మం పొక్కిస్తాయి, అదే చెయ్యి కంట్లో పెట్టుకుంటే చూపు మసకేస్తుంది. నల్లజీడి సంగతి నా ఇంట్లోదే. ప్రాక్టీసు మొదలెట్టిన రెండో ఏడు, మా అమ్మకి మోకాలు వాచింది, ఊళ్ళో ఒక పెద్దాయన చెప్పాడని, బట్టల మీద గుర్తులు పెట్టే ఆ నల్లజీడి రసం సూదిమొనతో మోకాలి చుట్టూ చుక్కలు పెట్టాను. మర్నాడు ఎర్రగా కందింది, రెండో రోజుకి ద్రాక్షపళ్ళంత బొబ్బలు, చీము పట్టి మూడు వారాలు మంచం మీద. చుక్కలు పెట్టిన చోటల్లా నల్లమచ్చలు, ఆవిడ పోయేదాకా ఉన్నాయి. స్నానం చేసి కాలు తుడుచుకుంటా ఎప్పుడైనా నన్ను చూసి, డాక్టరు చదివావు కదరా నాయనా, ఇది ఏ పేజీలో ఉంది అనేది.

ఇంకో ప్రమాదం, ఇది అన్నిటికంటే పెద్దది. పొట్లాల పొడి. పేరు ఉండదు, లేబులు ఉండదు, స్వచ్ఛమైన మూలికలు అంటారు, రెండు పొట్లాలకే మంచం మీదున్న మనిషి లేచి నడుస్తుంది. లంక ఊరాయన ఒకాయన ఇలాగే మూడు నెలలు తిన్నాడు, నొప్పి లేదు హాయిగా ఉంది అన్నాడు, నా దగ్గరికి వచ్చేటప్పటికి మొహం చంద్రుళ్ళా ఉబ్బింది, షుగరు 380, చర్మం ముట్టుకుంటే కమిలిపోతోంది. స్టెరాయిడ్ అది, మూలిక కాదు. ఇదేదో మన పల్లెటూళ్ళ గోలే అనుకోకండి, అమెరికాలో కూడా మూలికల కీళ్ళ మందు అని అమ్మినదాంట్లో డెక్సామెథాసోన్, డైక్లోఫెనాక్ దొరికాయని 2022లో అక్కడి మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మూలిక రెండు రోజుల్లో పనిచెయ్యదు బాబూ, చేసిందంటే అది మూలిక కాదు. మీ అమ్మగారు ఇప్పటికే అలాంటిది తింటుంటే ఒక్కసారిగా ఆపేయొద్దు, అది ఇంకా ప్రమాదం, పొట్లం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి, మెల్లగా తగ్గించాలి. భస్మాలు, పాదరసం కలిపి చేసే రసం మందులు కూడా ఎవరు పడితే వారి దగ్గర కొనొద్దు. 2004లో బోస్టన్ షాపుల్లో కొన్న 70 ఆయుర్వేదం మందుల్లో 14 వాటిలో సీసమో పాదరసమో ఆర్సెనికో ఉంది, ఆ దెబ్బకి మేమందరం తల దించుకున్నాం.

ఇంత చెప్పాక మరి గుజ్జుని కాపాడేది ఏమీ లేదా అంటే, ఉంది, కానీ సీసాలో రాదు. తొడ ముందు కండ. మెట్టు దిగేటప్పుడు బరువుని ఆపేది ఆ కండే, అది సన్నబడితే దెబ్బంతా పొర మీద పడుతుంది. నొప్పి వచ్చిందని నడక మానితే కండ తగ్గుతుంది, కండ తగ్గితే నొప్పి పెరుగుతుంది, ఇలా గానుగెద్దులాగా తిరుగుతా ఉంటారు. శల్లకి గానీ పసుపు గానీ నేను ఎందుకిస్తానంటే, నొప్పి కొంచెం తగ్గిన ఆ మూడు నెలల్లో కండ పెంచుకోవడానికి. మందు తిని నొప్పి తగ్గగానే మళ్ళీ కింద కూర్చుని కత్తిపీట ముందేసుకుని పదికిలోల మామిడికాయలు కోస్తే మందు దండగ.

చేయించాల్సింది ఇదీ. మంచం మీద కాళ్ళు చాపి కూర్చుని, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని, ఆ చుట్టని మోకాలితో కిందికి నొక్కి అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి, పదిసార్లు. తర్వాత కాలు తిన్నగా జానెడు ఎత్తి ఆపాలి, అది పదిసార్లు. వారం పోయాక కుర్చీ లోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, ప్లాస్టిక్ కుర్చీ అయితే గోడకి ఆనించి పెట్టండి, గచ్చు మీద జారుతుంది. మొదట్లో నొప్పి కొంచెం ఉంటుంది, మర్నాడు పొద్దునకి ఎప్పటిలాగే ఉంటే పర్లేదు, ఎక్కువైతే లెక్క తగ్గించాలి. కాలవ గట్టు మీద పొద్దున్న ఇరవై నిమిషాలు నడక, వానాకాలం బురదలో మాత్రం వద్దు, జారిపడితే ఇంకో కథ. నేల మీద మఠం వేసుకోవడం, గొంతుక్కూర్చోవడం తగ్గించాలి, పొయ్యి గట్టు మీదకి ఎక్కించాలి, కమోడు పెట్టించండి, ఆవిడ వద్దన్నా పెట్టించండి.

బరువు మాట చెప్తే ఆడవాళ్ళకి కోపం వస్తుంది, అయినా చెప్తా. ఒక కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల బరువు తగ్గుతుందని 2005లో లెక్కకట్టారు. అయిదు కిలోలు తగ్గితే అడుగుకి ఇరవై కిలోలు. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి ఆడవాళ్ళని ఏళ్ళ తరబడి చూశారు, పదేళ్ళలో అయిదు కిలోల దాకా తగ్గినవాళ్ళకి మోకాళ్ళ జబ్బు వచ్చే ప్రమాదం సగానికి పైగా పడిపోయింది, 1992లో వచ్చింది అది. రాత్రి అన్నం సగం చేసి కూర రెట్టింపు చెయ్యండి, కొబ్బరిలౌజు, పూతరేకులు పండక్కి పెట్టండి చాలు.

నొప్పి బిళ్ళల సంగతి. బీపీ ఉన్న మనిషి డైక్లోఫెనాక్ లాంటివి రోజూ మింగితే బీపీ పెరుగుతుంది, బీపీ మందు పని తగ్గుతుంది, కిడ్నీ, కడుపు దెబ్బతింటాయి. షాపులో అడిగి కొనుక్కునే అలవాటు మానిపించండి. మింగేదానికి బదులు డైక్లోఫెనాక్ జెల్ మోకాలికి రాసుకోవచ్చు, రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ. మరీ నొప్పిగా ఉన్న రోజుకి ఏ బిళ్ళ, ఎన్ని అనేది ఆవిడ బీపీ చూసే డాక్టరునే అడగండి. బీపీ మాత్ర మాత్రం ఏ మూలిక పేరు చెప్పి కూడా ఆపొద్దు. రక్తం పల్చబడే మందు ఏదైనా వాడుతుంటే పసుపు క్యాప్సూలు, గుగ్గులు, గ్లూకోసమీన్ మూడూ వద్దు. అన్నీ ఒకేసారి మొదలెట్టొద్దు కూడా, ఒకటి మొదలెట్టి, పాల లెక్క రాసుకునే క్యాలెండర్లోనే ప్రతి ఆదివారం గడిలో నొప్పి పదికి ఎంతో ఒక అంకె వేయించండి.

అరుగుదలలో పొద్దున్న లేచాక బిగుసుకుపోవడం అరగంట లోపే వదులుతుంది. గంట పైన ఉంటున్నా, వేళ్ళు కూడా వాస్తున్నా, మోకాలు ఎర్రగా వేడిగా ఉండి జ్వరం వస్తున్నా, మడత పెట్టిన కాలు తెరుచుకోకుండా ఇరుక్కుపోతున్నా అది వేరే జబ్బు అయ్యుండొచ్చు, ఈ ఆకులూ బంకలూ పక్కన పెట్టి రుమటాలజీ (కీళ్ళవాతం) డాక్టరుకి గానీ ఆర్థోకి గానీ చూపించాలి.

మీరు ఈ ఆదివారం ఊరు వెళ్తానన్నారు కదా. వెళ్ళగానే గోడకి కుర్చీ వేసి, అమ్మగారిని చేతులు గుండెల మీద కట్టుకోమని, ఫోన్లో 30 సెకండ్లు పెట్టి, ఎన్నిసార్లు లేచి కూర్చోగలుగుతున్నారో లెక్కపెట్టండి. ఆ అంకె, ఆవిడ ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలన్నిటి పేర్లూ, ఆ శల్లకి డబ్బా వెనక చిన్నక్షరాల్లో బోస్వెలిక్ ఆమ్లాలు నూటికి ఎంత అని ఉంటుందో అదీ ఇక్కడ రాయండి. మోతాదు అప్పుడు చెప్తా.